దండకవిలె నుండి విశ్వవిద్యాలయానికి: కుటుంబ పత్రాల భద్రత

1800లో ఆదోనితో సహా దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. తరువాత కాలిన్ మెకంజీ సహాయకులు కరణాల ఇళ్లలోని దండకవిలెల ఆధారంగా గ్రామ కైఫీయత్తులు సేకరించారు. వాటిలో కడప జిల్లావాటిని సి.పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రం ప్రచురించింది. ఆ కేంద్రం నేడు యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగం.

కైఫీయత్తు సంగ్రహం మాత్రమే. కవిలె గ్రామానికి లెక్క, కరణం కుటుంబానికి హక్కుపత్రం. అందుకే అది తరతరాలు నిలిచింది. 1984లో వంశపారంపర్య కరణీకం రద్దు కావడంతో ఆ అవసరం తీరింది, రక్షణా సడలింది.

ఇకపై సేకరణ కరణాల ఇళ్లతో ఆగరాదు. గూడూరు రైతుల, ఎమ్మిగనూరు నేతకారుల ఇళ్లలోని పత్రాలూ చరిత్రకు ఆధారాలే. భద్రపరిచేటప్పుడు ఏ ఇంటి కట్టను ఆ ఇంటి వరుసలోనే ఉంచాలి. అప్పుపత్రాన్నీ, పెళ్లి ఖర్చుల చిట్టానూ, భూమి అమ్మకపు దస్తావేజునూ విషయాలవారీగా విడదీస్తే, ఆ కుటుంబం భూమిని ఎందుకు అమ్ముకుందో చెప్పే ఆధారం తెగిపోతుంది.