ఏ.టి.పి. రెండు చరిత్రలు: సుబ్బారావు పరిశోధన, రక్తనాళ కణాల సంభాషణ

1. ఉపోద్ఘాతం

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) పేరుతో ముడిపడిన పరిశోధనల్లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఏ.టి.పి.) ప్రధానమైనది. కణానికి శక్తినిచ్చే పదార్థంగానే దానిని విద్యార్థులు ఎరుగుదురు. అయితే గుండెలో, రక్తనాళాల్లో ఒక రకం కణం మరొక రకం కణానికి పంపే సందేశం కూడా అదే. ఒకే పదార్థానికి సంబంధించిన ఈ రెండు చరిత్రలు చాలాకాలం ఎందుకు కలవలేదో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. 1929: రెండు ప్రశ్నలు

భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కృషి కొనసాగింపుగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. వెలుగులోకి వచ్చాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏ.టి.పి.ని కనుగొన్నారు. వీరి ప్రశ్న కండరంలో ఉన్న పదార్థమేది అన్నది.

ఆ 1929లోనే కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్-జార్జి మరో ప్రశ్న వేశారు. కణజాలాల నుంచి తీసిన ఎడినైన్ సమ్మేళనాలు గుండెను ఏం చేస్తాయి? అవి గుండె వేగాన్ని తగ్గిస్తాయని, హృదయ ధమనులను వ్యాకోచింపజేస్తాయని వారు చూపారు.

3. అంగీకారానికి పట్టిన కాలం

కుందేలు చెవిలోని జ్ఞాననాడులను ప్రేరేపిస్తే ఏ.టి.పి. వెలువడుతుందని 1959లో పమేలా హోల్టన్ నిరూపించారు. ఏ.టి.పి. నాడీ సందేశవాహకమని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ ప్రతిపాదించినప్పుడు చాలామంది సందేహించారు. ప్రతి కణంలోనూ ఉండే శక్తి పదార్థం సందేశమెలా అవుతుందన్నది వారి ఆక్షేపణ. ఈ సందేశాన్ని అందుకునే గ్రాహకాల జన్యువులను 1990లలో వేరుచేసిన తరువాత ఆ ఆక్షేపణ బలహీనపడింది. ‘శక్తి’ అన్న పేరు స్థిరపడటమే రెండో అర్థానికి అడ్డుగా నిలిచిందని దీనినిబట్టి చెప్పవచ్చు.

4. పంపేదెవరు, వినేదెవరు

రక్తనాళపు గోడలో లోపలివైపు ఎండోథీలియం పొర, దాని వెలుపల నునుపు కండర కణాలు, ఇంకా వెలుపల నాడీ కొనలు ఉంటాయి. నాడీ కొనల నుంచి నార్‌ఎడ్రినలిన్‌తో పాటు వెలువడిన ఏ.టి.పి. కండర కణాలను తాకితే నాళం సంకోచిస్తుంది. రక్తప్రవాహపు ఒరిపిడికి ఎండోథీలియం కణాలు, ఆక్సిజన్ తగ్గినచోట ఎర్ర రక్తకణాలు కూడా ఏ.టి.పి.ని విడుదల చేస్తాయి. అది ఎండోథీలియంపై ఉన్న గ్రాహకాలను చేరితే, ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసి పక్కనున్న కండరానికి పంపుతుంది, నాళం వ్యాకోచిస్తుంది. ఈ పొర ప్రాధాన్యాన్ని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ వెల్లడించారు. పొరను గీకివేసిన ధమని ఎసిటైల్‌కోలిన్‌కు వ్యాకోచించలేదు. నైట్రిక్ ఆక్సైడ్ పరిశోధనలకు 1998లో ఆయనకు, లూయీ ఇగ్నారోకు, ఫెరిద్ మురాద్‌కు నోబెల్ బహుమతి లభించింది.

‘సైంధవం’ అన్న మాటకు భోజనవేళ ఉప్పు అనీ, ప్రయాణవేళ గుర్రం అనీ అర్థం చెప్పడం మన శాస్త్ర సంప్రదాయంలో ప్రసిద్ధం. ఇక్కడా పదార్థం ఒక్కటే; పంపిన కణం, అందుకున్న గ్రాహకం అనే ప్రకరణాన్ని బట్టి ఫలితం మారుతున్నది.

5. ముగింపు

సుబ్బారావు కణ సందేశాలను పరిశోధించలేదు. ఆ ఘనతను ఆయనకు ఆపాదించడం చరిత్ర కాదు. కాని ఆయన పేరును ‘శక్తి’ అన్న ఒక్క మాట దగ్గరే ఆపివేసినా చరిత్ర అసంపూర్ణమే. కొన్ని రకాల అతివేగ హృదయ స్పందనలను ఆపడానికి నేడు వైద్యులు రక్తనాళంలోకి ఎక్కించే ఎడినోసిన్, డ్రూరీ, సెంట్-జార్జి గమనించిన గుణానికి చికిత్సారూపం. బోస్టన్, కేంబ్రిడ్జి ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడే 1929 విలువ పూర్తిగా తెలుస్తుంది. తెలుగులో శాస్త్రవేత్తల జీవితాలను రాసేవారు ఆవిష్కరణ తేదీతో ఆగక, ఆవిష్కృత పదార్థం తరువాతి చరిత్రను కూడా అనుసరించవలసి ఉంది.