కార్జపు జలగకు టీకా ఎందుకు రాలేదు? సోమశిల తీరం నుంచి ఒక చారిత్రక పరిశీలన

కృష్ణా తీరంలోని సోమశిల (నెల్లూరు జిల్లాలో పెన్నా మీది సోమశిల కాదు, కొల్లాపూర్ సమీపంలోనిది) శ్రీశైలం జలాశయపు వెనుక జలాల అంచున ఉంది. ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1980ల ఆరంభంలో నీరు నిలిచి ఊళ్లు, పొలాలు మునిగాయి. సోమశిల ఆలయాలను ఎత్తైన చోటికి తరలించి తిరిగి కట్టారు. ముంపును గురించి రాసేటప్పుడు ఆలయాలు, శాసనాలు, నిర్వాసితులు మన దృష్టికి వచ్చినంతగా నీటి అంచు రాదు. జలాశయపు పూర్తి మట్టం 885 అడుగులు. అక్కడి నుంచి నీరు తగ్గినకొద్దీ తడినేల బయటపడి పచ్చిక మొలుస్తుంది. వేసవిలో మందకు అంతకన్నా మంచి మేత దొరకడం కష్టం. అయితే కార్జపు జలగను మోసే నత్తకూ ఇలాంటి నిలువనీటి అంచులే నెలవు.

పేరు దగ్గర కాస్త ఆగాలి. లాటిన్‌లో ఫాసియోలా అంటే చిన్న పట్టీ. ఇంగ్లీషు ఫ్లూక్ ఒక చప్పటి చేపకు పాత పేరు. రెండూ ఆకారాన్నే చెబుతాయి. తెలుగు పేరు మాత్రం ఆ జీవి ఎక్కడ ఉంటుందో, ఏం చేస్తుందో కూడా చెబుతుంది. ఎదిగిన జలగ పిత్తనాళాల్లో చేరి రక్తం తాగుతుంది. గొర్రె కనురెప్పలు పాలిపోతాయి, దవడ కింద నీరు దిగుతుంది, మంద మెల్లగా బక్కచిక్కుతుంది.

1879-80 శీతకాలంలో ఈ వ్యాధి వల్ల ఇంగ్లండులో సుమారు 30 లక్షల గొర్రెలు చనిపోయాయని అంచనా. ఆ విపత్తు తరువాతే ఆక్స్‌ఫర్డ్‌లో ఎ.పి. థామస్, లైప్‌జిగ్‌లో రుడాల్ఫ్ ల్యూకార్ట్ విడివిడిగా జలగ జీవితచక్రాన్ని ఛేదించారు. గుడ్డు నీటిలో పొదిగి, డింభకం నత్తలో పెరిగి, బయటికి వచ్చి గడ్డిపరకకు అంటుకుంటుంది. ఆ గడ్డి మేసిన గొర్రెకు వ్యాధి సోకుతుంది. దారి తెలిసి 140 ఏళ్లు గడిచినా మార్కెట్లో టీకా లేదు.

పీపీఆర్‌తో పోల్చి చూస్తే కారణం తెలుస్తుంది. మన దేశంలో 1987లో తమిళనాడులోని అరసూరులో గుర్తించిన ఈ వైరస్ వ్యాధికి టీకా వచ్చింది. పీపీఆర్ సోకి బతికిన గొర్రెకు అది మళ్లీ రాదు. ప్రకృతి చూపిన ఆ మార్గాన్నే టీకా అనుసరించింది. కార్జపు జలగ విషయంలో ఆ మార్గమే లేదు. ఒకసారి సోకిన గొర్రెకు మళ్లీ అంతే సులువుగా సోకుతుంది. లేత జలగ పేగు గోడను చీల్చుకొని కార్జంలోకి దూరేటప్పుడు తన పైపొరను విడుస్తూ పోతుంది. అది స్రవించే కేథెప్సిన్ ఎల్ అనే ఎంజైము ప్రతిరక్షకాలను సైతం కోసివేస్తుంది.

ఆ ఎంజైమునే టీకాగా వాడాలన్న ఆలోచన సాహసమైనది. 1996లో డబ్లిన్‌లోని జాన్ డాల్టన్ బృందం పశువులపై జరిపిన ప్రయోగంలో కేథెప్సిన్‌ను జలగ హిమోగ్లోబిన్‌తో కలిపి ఇస్తే రక్షణ 72 శాతం దాకా వచ్చింది. 1999లో ఉరుగ్వే ప్రయోగాల్లో ల్యూసిన్ అమినోపెప్టిడేజ్ అనే మరో ఎంజైము గొర్రెల్లో 89 శాతం దాకా రక్షణనిచ్చింది. ఈ ఫలితాలు తరువాతి ప్రయోగాలన్నిటిలో నిలకడగా రాలేదు. పైగా అవి ఫాసియోలా హెపాటికా అనే చలిదేశాల జలగపై జరిగినవి. మన చెరువుల్లోది ప్రధానంగా ఫాసియోలా జైగాంటికా. దానిపై ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ గేదెల్లో ప్రయోగాలు చేసింది. అక్కడా పూర్తి రక్షణ చిక్కలేదు.

జైగాంటికాకు లొంగని గొర్రె ఒకటి ఉంది. ఇండోనేషియా సన్నతోక గొర్రె ఉదర కణాలు లేత జలగను కార్జం చేరకముందే చంపగలవని ఆస్ట్రేలియా, ఇండోనేషియా పరిశోధకులు చూపారు. విచిత్రమేమంటే అదే గొర్రె హెపాటికాకు లొంగిపోతుంది. అందువల్ల ఉష్ణమండలపు టీకాకు ఆధారం ఉష్ణమండలపు గొర్రెలోనే వెతకాలని నా అభిప్రాయం. దక్కని, నెల్లూరు జాతుల విషయంలోనూ ఈ ప్రశ్న అడగదగినదే.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. అలాంటి మందకు పీపీఆర్, చిటుకు రోగం, నీలి నాలుకలకు టీకాలు ఉన్నాయి. సోమశిల వద్ద నీరు వెనక్కి తగ్గాక ఆ అంచున మేసే మందకు జలగ నుంచి కాపు మాత్రం తాగించే మందే. వాటిలో లేత జలగపై కూడా బాగా పనిచేసే ట్రైక్లాబెండజోల్‌కు లొంగని జలగలు 1995లోనే ఆస్ట్రేలియాలో కనిపించాయి.