స్కాట్ పిల్‌గ్రిమ్ చలనచిత్రము - వీర్యశుల్క కథాపరిణామము

పరాక్రమమును నిరూపించి వధువును గెలుచుకొను కథ మన సాహిత్యమునకు మిక్కిలి పరిచితమైనది. జనకుడు సీతను వీర్యశుల్కగా ప్రకటించెను. ద్రుపదుడు మత్స్యయంత్రమును నిలిపెను. కోసలాధీశుడైన నగ్నజిత్తు, మదించిన ఏడు వృషభములను లొంగదీసిన వీరునకే తన కూతు నిత్తునని నియమము చేసెను. శ్రీకృష్ణుడు ఏడు రూపములు దాల్చి ఆ ఏడింటిని బంధించిన ఘట్టము పోతన భాగవతమున దశమస్కంధము చదివినవారికి గుర్తుండును. ఇట్టి కథయే 21వ శతాబ్దమున కెనడా దేశమందలి టొరంటో నగరమున వీడియో ఆటల వేషము ధరించి కనబడుచున్నది. 2010లో విడుదలయిన 'స్కాట్ పిల్‌గ్రిమ్ వర్సెస్ ది వరల్డ్' అను చలనచిత్రము ప్రణయమును, హాస్యమును, ద్వంద్వయుద్ధమును కలిపి అల్లినది. ఇందు నాయకుడు జయింపవలసినవి ఎద్దులు కావు; నాయిక మునుపు ప్రేమించి విడిచిన ఏడుగురు వ్యక్తులు.

ఈ పోలికను బట్టి టొరంటో కథకు మన పురాణములు మూలమని మేము చెప్పుట లేదు. ఒకే కథాబీజము వేర్వేరు నేలలయందు వేర్వేరుగా మొలకెత్తుట కథాపరిశోధకులకు తెలిసినదే. వీర్యశుల్కమను మాట మనకిచట ఒక కొలమానముగా మాత్రము ఉపకరించును. ఆ కొలమానముతో చూచినపుడు ఒక ప్రశ్న తప్పక ఎదురగును. గెలువబడు స్త్రీ మనస్సునకు ఈ కథలో చోటెక్కడ? ఈ ప్రశ్నకు కథాకర్తలు ఒక్కమారుగా సమాధానము చెప్పలేకపోయిరి. 2004 మొదలు 2023 వరకు వారు ఆ కథను పలుమార్లు తిరిగి చెప్పిరి. అట్లు తిరిగి చెప్పు పద్ధతి వీడియో ఆట స్వభావములోనే కలదని చూపుట ఈ వ్యాసోద్దేశము.

కథామూలము

చలనచిత్రమునకు మూలము ఒక బొమ్మల కథ. కెనడా చిత్రకథారచయిత బ్రయన్ లీ ఓమాలీ దీనిని 2004 నుండి 2010 వరకు ఆరు సంపుటములుగా రచించి చిత్రించెను. అమెరికాలోని ఓని ప్రెస్ వారు ప్రచురించిరి. మొదట ఇవి నలుపు తెలుపు బొమ్మలతో, జపాను 'మాంగా' కథల ఫక్కిలో వెలువడినవి. నాయకుని పేరు ప్లమ్‌ట్రీ అను కెనడా సంగీతబృందము పాడిన ఒక పాట శీర్షిక నుండి గ్రహింపబడినది.

చలనచిత్రమున స్కాట్ 22 ఏండ్ల యువకుడు. అతనికి ఉద్యోగము లేదు. మిత్రుడు వాలెస్‌తో ఒకే గదిలో కాపురము. ఒక చిన్న వాద్యబృందములో బేస్ గిటారు వాయించుట అతని వ్యాపకము. ఆ బృందము పేరు సైతము మారియో ఆటలోని నడిచెడు బాంబు పేరును తలపించును. అతడు 17 ఏండ్ల పాఠశాల విద్యార్థిని, చీనా సంతతికి చెందిన నైవ్స్ చౌతో స్నేహము చేయుచుండగా, అమెరికా నుండి వచ్చిన రమోనా ఫ్లవర్స్ అతని కంటబడును. మొదటి యువతికి నిజము చెప్పకయే రెండవ యువతిని చేరును. రమోనా పూర్వప్రియులు ఏడుగురు ఒక కూటమిగా నేర్పడి యుందురు. వారినందరిని ఓడించిననే ఆమెతో అతని ప్రణయము సాగును. ఇది బాహ్యకథ. నైవ్స్ పట్ల అతడు చేసిన మోసము లోపలి కథ. యుద్ధముల సందడిలో ప్రేక్షకుడు ఈ రెండవదానిని మరచుట సులభము. చిత్రము మాత్రము మరువలేదు.

ఆటల సంప్రదాయము

ఓమాలీ తరమువారికి వీడియో ఆటలు బాల్యస్మృతులు. ఆ ఆటలలో కథ స్వల్పము. ఉన్న కథ ప్రాయికముగా వీర్యశుల్కమే. 1981 నాటి 'డాంకీ కాంగ్' ఆటలో ఒక మహావానరము ఎత్తుకొనిపోయిన యువతిని వడ్రంగి యొకడు విడిపింపవలెను. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో రాకుమారి చెరలోనుండును. 1986 నాటి 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా'లో ఆట పేరు రాకుమారిదే గాని, ఆడునది ఆమె కాదు, ఆమెను విడిపించు వీరుడు. 1987 నాటి 'డబుల్ డ్రాగన్'లో ఈ భావము పరాకాష్ఠ నందినది. ఇద్దరు సోదరులు కలిసి శత్రువులనందరిని గెలిచిన పిమ్మట, ఆ యువతి కొరకు తమలో తాము పోరాడవలెను. అంతవరకు తోడై నిలిచినవాడే తుదకు ప్రతిద్వంద్వి యగును. యువతి అభిమతము నెవ్వరు నడుగరు. మన కథయందు నగ్నజిత్తు కూతురు ముందే శ్రీకృష్ణుని మనసారా వరించియుండెను; పందెము ఆమె కోరికకు దారి యయ్యెను. ఆటలయందు ఆ పాటి ఊరటయు లేదు.

1989 నాటి 'రివర్ సిటీ రాన్సమ్' ఆటకు మన ప్రస్తావనలో ప్రత్యేక స్థానము కలదు. నగర వీథులలో యువకులు ముష్టియుద్ధము చేయుట, ఓడినవాడు నాణెములను విడిచి మాయమగుట దాని లక్షణములు. ఓమాలీ కథలో శత్రువులు నాణెములుగా రాలుటకు మూలమిదియే.

చిత్రమునందలి వ్యాకరణము

వీడియో ఆటలను చలనచిత్రములుగా మార్చు ప్రయత్నములు అంతకు ముందే కలవు. 1993లో 'సూపర్ మారియో బ్రదర్స్', 1994లో 'స్ట్రీట్ ఫైటర్', 1995లో 'మోర్టల్ కాంబాట్' వెలువడినవి. ఇవన్నియు ఆటలోని పాత్రలను, కథను గ్రహించినవి. దర్శకుడు ఎడ్గార్ రైట్ మార్గము వేరు. అతడును, మైకేల్ బకాల్‌యు కలిసి రచించిన ఈ చిత్రము ఏ యొక్క ఆటకును అనువాదము కాదు. ఆటల వ్యాకరణమును మాత్రము గ్రహించి, సామాన్య యువకుల దైనందిన జీవితమునకు దానిని అన్వయించినది.

ఈ అన్వయము మొదటి క్షణముననే ఆరంభమగును. యూనివర్సల్ సంస్థ ముద్రయే పాతకాలపు ఆటలోని ముతక చుక్కల బొమ్మగా, ఆ నాటి యంత్రధ్వనితో కనబడును. గంట మ్రోగిన ధ్వని అక్షరరూపమున తెరపై తేలును. ద్వంద్వయుద్ధమునకు ముందు ఇరువురి నడుమ యుద్ధసూచకమైన అక్షరములు నిలుచును. గెలిచినపుడు పాయింట్లు లెక్కకు వచ్చును. జెల్డా ఆటలోని సంగీతమును వాడుకొనుటకై రైట్ నింటెండో సంస్థకు లేఖ వ్రాసి, ఆ సంగీతము ఒక తరమునకు బాలగేయము వంటిదని విన్నవించి అనుమతి పొందెను. ఇతరులు అలంకారమని తలచినదానిని అతడు స్మృతిగా భావించెనని ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఏడుగురిలో మొదటివాడు మాథ్యూ పటేల్. ఈ పాత్రను సత్య భాభా ధరించెను. పోరాటము నడుమ ఇతడు హఠాత్తుగా పాట నెత్తుకొనును. ఆకసమున తేలియాడు నర్తకీమణులు తోడగుదురు. హిందీ చిత్రముల పాటల తీరును పరిహాసముగా తలపించు ఈ సన్నివేశము మన ప్రేక్షకులకు ప్రత్యేకముగా వినోదము కూర్చును. అతడు నాణెములుగా రాలిన పిమ్మట, ఆ నాణెములు బస్సు ఛార్జీకైన చాలవని స్కాట్ వాపోవును. వీరరసమును హాస్యము వెంటనే నేలకు దించును.

తరువాతి విజయములను పరిశీలించినచో మరియొక విశేషము గోచరించును. రెండవవాడైన సినిమా నటుడు, స్కాట్ రెచ్చగొట్టగా, చక్రముల పలకపై మెట్ల కమ్మీమీదుగా జారి తనంత తానే నశించును. మూడవవాని శక్తి శాకాహార వ్రతము వలన కలిగినది. పాలు కలిసిన కాఫీ త్రాగించి స్కాట్ ఆ వ్రతమును భంగపరచును. నాలుగవ ప్రత్యర్థి స్త్రీ. ఆమె మర్మస్థానమును రమోనాయే చెప్పును. కవలలైన ఐదవ, ఆరవ వారు సంగీతపు పోటీలో ఓడుదురు. పరాక్రమమును శుల్కముగా కోరిన కథలో నాయకుడు పరాక్రమముతో గెలుచుట అరుదు. యుక్తి, తోటివారి సాయము, అదృష్టము అతనిని నడిపించును. వీర్యశుల్కము లోపలినుండియే సడలుచున్నదనుటకు ఇది మొదటి గుర్తు.

రెండవ ప్రాణము

చిత్రమునకు ఆయువుపట్టు కడపటి యుద్ధము. కవలలను గెలిచినపుడు స్కాట్‌కు ఒక అదనపు ప్రాణము లభించును. ఆటలలో ఇది సామాన్య నియమము. ఏడవవాడైన గిడియన్ గ్రేవ్స్‌ను ఎదిరించునపుడు, రమోనాపై ప్రేమను ప్రకటించినంతనే స్కాట్‌కు ప్రేమశక్తి అను ఖడ్గము చేతికి వచ్చును. సామాన్యమైన ప్రణయచిత్రమైనచో కథ ఇచట ముగియవలసినది. ఇందు మాత్రము ఆ ఖడ్గము చాలలేదు. స్కాట్ మరణించును.

అపుడు అతడు అదనపు ప్రాణమును వినియోగించి అదే యుద్ధమునకు మరల వచ్చును. అవే తలుపులు, వారే శత్రువులు. కాని అతని నడత మారును. తానొకప్పుడు బాధించిన మిత్రురాలు కిమ్‌ను క్షమాపణ కోరును. తాను పోరాడుచున్నది తనకొరకని ఒప్పుకొనును. అపుడు చేతికి వచ్చు ఖడ్గము ప్రేమది కాదు, ఆత్మగౌరవముది. నైవ్స్‌ను, రమోనాను ఇరువురిని తాను మోసగించితినని వారి యెదుటనే అంగీకరించును. తుదకు నైవ్స్ తోడ్పాటుతోనే గిడియన్‌ను జయించును.

ఆటలో ఓడినవాడు మరల ఆడునపుడు వాని దేహబలము పెరుగదు. తాను చేసిన తప్పు తెలిసియుండుటయే వాని క్రొత్త బలము. జర్మనీ దర్శకుడు టామ్ టిక్వర్ 1998 నాటి 'రన్ లోలా రన్' చిత్రమున ఒకే కథను మూడుమార్లు నడపెను. అచట ప్రధానముగా మారినది కాలగతి, అదృష్టము. రైట్ చిత్రమున మారినది నాయకుని మనస్సాక్షి. మరల ఆడుట ఇచట ప్రాయశ్చిత్తమైనది. వీడియో ఆట ఈ కథకు ఇచ్చిన మేలైన దానము నాణెములు గాని పాయింట్లు గాని కావు. ఈ రెండవ ప్రాణమేయని మా అభిప్రాయము.

ముగింపు - పాఠాంతరములు

ప్రాచీన గ్రంథములకు పాఠభేదములున్నట్లే ఈ చిత్రమునకు రెండు ముగింపులు కలవు. 2009లో టొరంటోలో చిత్రీకరణ జరిగినపుడు మూలకథ ఆరవ సంపుటము ఇంకను వెలువడలేదు. తొలి పాఠమున స్కాట్ తుదకు నైవ్స్‌ను చేరును. పరీక్షార్థము ప్రదర్శించినపుడు ప్రేక్షకుల అభిప్రాయములు చీలినవి. ఓమాలీ తన గ్రంథమున రమోనానే నాయికగా నిలిపెను. చిత్రమునకు క్రొత్త ముగింపు చిత్రింపబడినది. అందు నైవ్స్ స్వయముగా స్కాట్‌ను రమోనా వెంట వెళ్లుమని పంపును. విడువబడిన పాఠము తరువాత గృహప్రదర్శన ముద్రణలలో అనుబంధముగా చేర్చబడినది.

రెండు పాఠములకును దోషములు కలవు. తొలి పాఠమున, ఏడు యుద్ధములకు కారణమైన రమోనా ఒంటరిగా తొలగిపోవుటయు, మోసపోయిన చిన్నది మోసగించినవానికే బహుమానమగుటయు సంభవించును. మలి పాఠమున నైవ్స్‌కు ఆత్మగౌరవము దక్కినది. వెళ్లిపోనెంచిన రమోనా, స్కాట్ అడిగిన పిమ్మట తానుగా చేయి పట్టుకొని నడచును. కనుక మలి పాఠమే మేలని మేము భావింతుము. అయినను ఒక లోటు తీరలేదు. రమోనా గిడియన్ వెంట వెళ్లుటకు ఆమె మెడ వెనుక అమర్చిన యంత్రమే కారణమని చిత్రము చెప్పును. చిక్కుబడిన ఒక స్త్రీ మనస్సును యంత్రముపై నెట్టుట రచయితలకు సులభమైన మార్గము. ఆమె ఎంపిక అందువలన మసకబారినది.

అనంతర చరిత్ర

2010 ఆగస్టు 13న చిత్రము అమెరికాలో విడుదలయినది. అదే దినమున 'ది ఎక్స్‌పెండబుల్స్', 'ఈట్ ప్రే లవ్' చిత్రములును వచ్చినవి. తొలి వారాంతమున దీనికి 5వ స్థానము మాత్రమే దక్కినది. సుమారు 6 కోట్ల డాలర్ల వ్యయమునకు ఆ విడుదలలో ప్రపంచమంతట వసూలైనది 5 కోట్ల డాలర్లకు లోపే. వర్తక దృష్టిలో అది పరాజయము. అదే నెలలో యూబిసాఫ్ట్ సంస్థ ఈ కథను వీడియో ఆటగా విడుదల చేసినది. ఆటనుండి బొమ్మల కథకు, దానినుండి చిత్రమునకు వచ్చిన సంప్రదాయము మరల ఆటగా మారినది. 2014లో ఆ ఆటను విక్రయమునుండి తొలగించిరి. అభిమానులు విడువక కోరగా 2021 జనవరిలో మరల విడుదల చేసిరి.

2023 నవంబరులో నెట్‌ఫ్లిక్స్ ద్వారా 'స్కాట్ పిల్‌గ్రిమ్ టేక్స్ ఆఫ్' అను చలద్బొమ్మల ధారావాహిక వెలువడినది. ఓమాలీ, బెన్‌డేవిడ్ గ్రబిన్‌స్కీ దీని రూపకర్తలు. చిత్రనటులే మరల గాత్రములనిచ్చిరి. పాతకథయే వచ్చుచున్నదని తలచిన ప్రేక్షకునికి మొదటి భాగముననే విస్మయము కలుగును. తొలి యుద్ధముననే స్కాట్ అదృశ్యుడగును. అతడేమయ్యెనో వెదకు భారము రమోనాది. తాను విడిచిన వారినొక్కొక్కరిని ఆమెయే కలిసికొనును. తన గతమునకు తానే జవాబు చెప్పుకొనును. ఏడుగురు ఇచట గెలువవలసిన అడ్డంకులు కారు, మాటలాడవలసిన మనుష్యులు.

ఉపసంహారము

2004లో నాయకుని కథగా మొదలైన వృత్తాంతము, 2010లో రెండు ముగింపుల నడుమ తటపటాయించి, 2023లో నాయిక చేతికి వచ్చినది. పూర్వము తాను వ్రాసినదానిని కర్త తిరస్కరింపలేదు. దానిలోని లోటును గుర్తెరిగి మరల ఆడెను. వీర్యశుల్క కథలను బోధించునపుడు మనము విజేత భుజబలమును విస్తరించి వర్ణింతుము. గెలువబడినదాని మనస్సును గూర్చి ఒక వాక్యముతో సరిపెట్టుదుము. నగ్నజిత్తు కూతురు ముందే మనసున వరించినదను మాట పోతన భాగవతమున కలదు. ఎద్దులను లెక్కించు తొందరలో ఆ మాటను దాటిపోవుట పాఠకుల దోషమే గాని కవిది కాదు.