వాగు వంపులో మిల్లూ రైలూ

యార్క్ నుంచి బాల్టిమోర్‌కి గీత గీసినట్టు పోతే యాభై మైళ్లు ఉండవు. మేరీలాండ్ అండ్ పెన్సిల్వేనియా రైలు మాత్రం 77 మైళ్లు తిరిగి వెళ్లేది. ‘మా అండ్ పా’ అని అందరూ ముద్దుగా పిలుచుకునే ఆ రైలు అంత చుట్టు తిరగబట్టే మా పక్క మడ్డీ క్రీక్ ఫోర్క్స్ ఒక ఊరుగా నిలిచింది.

పెన్సిల్వేనియాలోని యార్క్ కౌంటీలో, మడ్డీ క్రీక్ రెండు పాయలూ కలిసేచోటు ఇది. ఒక మిల్లు, ఒక దుకాణం, గిడ్డంగులు, కాసిన్ని ఇళ్లు, అంతే ఊరు. 1870లలో పీచ్ బాటమ్ రైల్వే యార్క్ నుంచి డెల్టా దాకా మూడడుగుల వెడల్పు పట్టాలు వేసింది. కొండలు తొలిచేంత డబ్బు లేక, వాగు ఎటు తిరిగితే పట్టాలనూ అటే తిప్పింది. మిల్లులుండేది వాగు ఒడ్డునే కదా! అలా రైలు నేరుగా మిల్లు గుమ్మంలోకి వచ్చింది. 1901లో ఈ లైనూ బాల్టిమోర్ వైపు లైనూ ఒక్కటై ‘మా అండ్ పా’ అయ్యాయి.

1900 ప్రాంతంలో ఎ.ఎం. గ్రోవ్ అనే వర్తకుడు పెట్టిన దుకాణాన్ని చూస్తే ఆనాటి బతుకు తెలుస్తుంది. దుకాణమూ స్టేషనూ పోస్టాఫీసూ అన్నీ ఒకే కప్పు కింద. రైతు గోధుమలు దింపి, ఉత్తరాలు అందుకుని, ఉప్పూ మేకులూ కొనుక్కుని బండి మళ్లించేవాడు. పక్కనున్నది రోలర్ మిల్లు. ఇలాంటి మిల్లులో తిరగలి రాయి ఉండదు. బెల్టుకు బిగించిన చిన్న చిన్న డబ్బాలు గింజల్ని పైఅంతస్తుకు మోసుకుపోతాయి. అక్కణ్ణుంచి అవి చెక్క గొట్టాల్లో జారి ఇనుప రోలర్ల మధ్య చిట్లుతాయి. జల్లెడ పట్టి, మళ్లీ పైకి ఎక్కించి, మళ్లీ నలిపితేగాని తవుడు వేరై తెల్లటి పిండి రాదు.

పాల క్యాన్లు, డెల్టా గనుల పలకరాయి ఈ లైను మీదే పోయేవి. లారీలొచ్చాక ఆ చుట్టుదారి ఎవరికీ అక్కర్లేకపోయింది. టపా కాంట్రాక్టు పోవడంతో 1954లో ప్రయాణికుల బండ్లు ఆగాయి. 1958లో మేరీలాండ్ వైపు లైను మూసేశారు. మా వైపు సరుకు బండ్లు ఇంకొన్నేళ్లు నడిచాయి.

పెద్ద రోడ్లేవీ ఈ లోయలోకి దిగలేదు. అందుకే కొత్తవి కట్టాలని పాతవి కూల్చే పని ఎవరికీ పడలేదని నా నమ్మకం. 1986లో ఏర్పడిన రైల్వే పరిరక్షణ సంఘం మిల్లునూ దుకాణాన్నీ పట్టాలనూ కలిపి కాపాడుతోంది. అదే సరైన పని. పట్టాలు లేకుండా మిల్లు ఒక్కటే మిగిలి ఉంటే, ఇంత చిన్న ఊళ్లో అంత పెద్ద మిల్లు ఎందుకో పిల్లలకు చెప్పలేం. ఇప్పుడు సీజన్‌లో ఆదివారాలు వాలంటీర్లు చిన్న మోటారు ట్రాలీల మీద జనాన్ని వాగు పక్కగా తిప్పుతున్నారు. పుచ్చిపోయిన చెక్క స్లీపర్లు మార్చేదీ వాళ్లే.