ఒకే రూపం, రెండు జాతులు: కర్రపెండలం పిండినల్లి నియంత్రణ చరిత్రలో నామకరణం పాత్ర

దక్షిణ అమెరికాకు చెందిన కర్రపెండలాన్ని 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు ఆఫ్రికాకు చేర్చారు. నిస్సారమైన నేలలోనూ పండే ఈ దుంప కాలక్రమంలో సుమారు 20 కోట్ల మంది ఆఫ్రికన్లకు ప్రధానాహారమైంది. పంట వచ్చింది గాని, దాని పురుగు వెంట రాలేదు. 1970ల తొలినాళ్లలో ఆ కొరతా తీరింది. కాంగో, జైర్ దేశాల పొలాల్లో తెల్లని పిండి కప్పుకున్న ఒక నల్లి కనిపించింది. అది లేత చిగుళ్ల రసాన్ని పీల్చడంతో ఆకులు ముడుచుకుపోయి, కణుపులు కురచబారి, దుంప ఊరడం మానేసింది. కాండపు ముక్కలే విత్తనం కావడం వల్ల రైతు తనకు తెలియకుండానే పురుగును పొరుగు పొలానికి మోశాడు. పురుగుమందు కొనే స్తోమత అక్కడి చిన్న రైతుకు లేదు.

ఈ పురుగును అదుపు చేసిన ఘనత సాధారణంగా స్విట్జర్లాండుకు చెందిన హాన్స్ హెరెన్‌కు దక్కుతుంది. 1995లో ఆయనకు ప్రపంచ ఆహార పురస్కారం లభించింది. ఆ గౌరవం సముచితమే. అయితే, ఈ కథను ఒక్కరి విజయంగా చెప్పినపుడు అందులోని అసలు చిక్కు మరుగున పడుతుంది. ఆ చిక్కు కీటకానికి సంబంధించినది కాదు, దాని పేరుకు సంబంధించినది.

1977లో మాటిల్-ఫెరెరో కాంగో నమూనాల ఆధారంగా ఈ నల్లికి ఫీనకాకస్ మానిహోటి అని పేరు పెట్టారు. పుట్టినిల్లు అమెరికా ఖండమే అయి ఉండాలి, సహజ శత్రువులూ అక్కడే ఉండాలి. అన్వేషణ మొదట దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతంలో సాగింది. అక్కడ కర్రపెండలం మీద అచ్చం అలాంటి నల్లే దొరికింది. కాని దాని పరాన్నజీవులు ఆఫ్రికా నల్లి మీద వృద్ధి చెందలేదు. ఆఫ్రికా నల్లిలో అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే సంతతి కలుగుతుంది. ఉత్తరాన దొరికినదానిలో మగవీ ఉన్నాయి. అది వేరే జాతి. దానికి పెట్టిన పేరు ఫీనకాకస్ హెరెని. వెతికినవాని పేరు, ఆయన వెతకని పురుగుకు దక్కింది.

అసలు నల్లిని 1981లో పరాగ్వేలో గుర్తించినవాడు కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రానికి చెందిన ఆంథొనీ బెలొట్టి. అక్కడ దానిపై బతికే కందిరీగ నిడివి రెండు మిల్లీమీటర్లకు మించదు. ఆడ ఈగ నల్లి దేహంలో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోపలినుంచి తినివేయగా నల్లి గట్టిపడి డొల్ల అవుతుంది, దానిని తొలుచుకొని కొత్త ఈగ వెలువడుతుంది. నల్లులు పలచగా ఉన్న తోటలోనూ వాటిని వెతికి పట్టగలగడం దీని ప్రత్యేకత. లండనులో నిర్బంధ పరీక్ష ముగిశాక, 1981 చివరలో నైజీరియాలోని ఇబాదాన్‌లో తొలి విడుదల జరిగింది. తరువాతి సంవత్సరాల్లో విమానాల నుంచి సైతం వదిలారు.

విశేషమేమంటే, ఈ ఈగను డి సాంటిస్ 1964లోనే వర్ణించాడు. శత్రువుకు పేరు వచ్చిన 13 ఏళ్లకు గాని దాని ఆహారానికి పేరు రాలేదు.

2020లో ఈ నల్లి కేరళలో బయటపడింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ బెనిన్ నుంచి ఇదే ఈగను తెప్పించి, 2022లో సేలం ప్రాంతపు తోటల్లో వదిలింది. అప్పటి నివేదికలలో దాని పేరు అనాగైరస్ లోపెజి. ఆఫ్రికా కాలపు వ్యాసాలలో ఎపిడినోకార్సిస్, డి సాంటిస్ రచనలో అపొఅనాగైరస్. పరిశోధకులు మూడు పేర్లతోనూ వెతకవలసి ఉంటుంది.