గోత్రమును గట్టును

మన గోత్రమువలెనే అశ్వారావుపేట కోయల గట్టును తండ్రినుండి వచ్చును. ఒకే గట్టువారు వియ్యమందరు. వై క్రోమోజోమును తండ్రినుండి కుమారునికే సంక్రమించును. అమెరికా ఉత్తరభాగమున దెనే జనులయందుఁ గానవచ్చు సీ-పీ39 యను నరుదైన శాఖ యిట్టి పితృచిహ్నమే.

2003వ సంవత్సరమునఁ గివిసిల్డు మొదలగు పండితులు ఆంధ్రదేశపుఁ గోయలను, చెంచులను బరిశోధించి, గిరిజనులకును కులములవారికిని బ్రాచీన వారసత్వము చాలవఱకు నొక్కటియే యని తేల్చిరి. కావున నడవివారిని అన్యులనుట తగదు.

కొడుకులు లేనియింట నీ చిహ్నము లుప్తమగును. కూఁతుండ్ర సంతతి వర్ధిల్లుచునే యుండును. గోత్రమే వంశమని మేమును బహుకాలము బోధించితిమి, అది పొరపాటు. ఇఁక మన వంశవృక్షములయందుఁ గూఁతుండ్ర పేళ్లను జేర్పవలెనని మా విన్నపము.