పందికొక్కు

పందికొక్కు ఎలుకల కుటుంబమైన మ్యూరిడేకు చెందిన క్షీరదం. బాండికోటా ప్రజాతిలోని రెండు జాతులను తెలుగునాట ఈ పేరుతో పిలుస్తారు. ఇండ్ల పరిసరాలలోను, మురుగు కాలువల వెంట తిరిగే పెద్ద జాతి బాండికోటా ఇండికా. వరిపొలాలలో ఎక్కువగా కనిపించే చిన్న జాతి బాండికోటా బెంగాలెన్సిస్. వేమూరు, తెనాలి, రేపల్లె ప్రాంతాలతో కూడిన కృష్ణా పశ్చిమ డెల్టాలో ఇది రైతులకు చిరపరిచితమైన జంతువు.

పేరు
కొక్కు అనగా పెద్ద ఎలుక. బెదిరినపుడు పందివలె గురగురమను శబ్దం చేయును. ఆంగ్లంలోని 'బాండికూట్' అనే మాట ఈ తెలుగు పదం నుండి ఏర్పడినదే. 1799లో జార్జ్ బాస్ అనే నావికుడు ఈ పేరును ఆస్ట్రేలియాలోని ఒక సంచి జంతువుకు వాడాడు. ఆ జంతువు ఎలుక జాతికి చెందినది కాదు.

ప్రవర్తన
చిన్న పందికొక్కు పొలం గట్లలో బొరియ త్రవ్వుకొని, దాని ద్వారాన్ని లోపలి నుండి మట్టితో మూసివేస్తుంది. సాధారణంగా ఒక బొరియలో ఒక పెద్ద జంతువు, లేదా పిల్లలతో తల్లి మాత్రమే ఉంటుంది. ఇది చక్కగా ఈదగలదు. కనుక నీరు నిలిచిన చేను దీనికి అడ్డు కాదు.

వరి దుబ్బులను మొదలు వద్ద ఏటవాలుగా కొరుకుతుంది. పంట పండే వేళ తినగలిగిన దానికంటే ఎక్కువ కంకులను కోసి, బొరియలోని అరలలో దాచుకుంటుంది. కోతల తరువాత యానాదులు బొరియలు త్రవ్వి, పందికొక్కులను పట్టి, ఆ ధాన్యాన్ని వెలికి తీయడం డెల్టాలో వాడుక. ప్రజాధనం కాజేసేవారిని పందికొక్కులతో పోల్చడం తెలుగువారికి అలవాటు.

నివారణ
జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎరను కొద్దిగా తిని బ్రతికిన పందికొక్కు మరల ఆ ఎరను ముట్టదు. అందుచేత ముందుగా విషం లేని ఎరను పెట్టి అలవాటు చేస్తారు. బ్రోమాడియోలోన్ ప్రభావం కొన్ని రోజుల తరువాత గాని కనబడదు కాబట్టి ఎరపై అనుమానం కలగదు. ఒక్క రైతు మందు పెట్టినందువలన ఫలితం స్వల్పం. ప్రక్క గట్టు నుండి కొత్తవి వచ్చి ఖాళీ బొరియలలో చేరతాయి. ఊరి రైతులందరూ ఒకేసారి, పైరు పొట్ట దశకు రాకముందే పూనుకోవాలి.

గుడ్లగూబ, జెర్రిపోతు, ముంగిస, నక్క దీనికి సహజ శత్రువులు. విషం తిని చచ్చిన ఎలుకలను తింటే వీటికి కూడా ప్రమాదమే. కనుక కళేబరాలను ఏరి పూడ్చిపెట్టాలి. ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వ్యాధి మనుషులకు సోకవచ్చును. పుండ్లున్న కాళ్ళతో పొలం నీటిలో దిగరాదు.

ఇవి కూడా చూడండి
ఎలుక
ముంగిస
గుడ్లగూబ
యానాదులు